కోటి ఓమ్‌ల లోటు

రేగుమానుపల్లె ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పే హైమవతికి ఎన్నో ఏళ్ళు కాళ్ళరిగేలా తిరిగాక రేవుపాలెం బదిలీ అయింది. రేవుపాలెంలో ఆమె మొగుడికి ఓడరేవులో ఉద్యోగం. ఐదేళ్ళ కూతురు లాస్య నానమ్మ దగ్గర పెరుగుతోంది. ఆ మధ్య బళ్ళో టీచరమ్మ, మీ ఇంట్లో ఎవరెవరుంటారే అని అడిగితే, ఆ పిల్ల నాన్న, నానమ్మ అని లెక్కబెట్టి, కాసేపు ఆలోచించి, అమ్మ మాత్రం ఫోన్లో ఉంటుంది అని చెప్పిందట. అత్తగారు ఈ సంగతి నవ్వుతూనే చెప్పింది. హైమవతికి నవ్వు రాలేదు. 

కాబట్టి బదిలీ ఉత్తర్వు చేతికొచ్చిన రోజున ఆమె సంతోషం ఎంతో మీరే ఊహించుకోండి. ఉత్తర్వులో ఒకటే షరతు. దసరా సెలవులు అయి కాలేజీ తెరిచేనాటికి రేవుపాలెంలో చేరాలి. చేరకపోతే ఆ ఖాళీ తరవాతి పేరుకు పోతుంది, మళ్ళీ ఎప్పుడు ఖాళీ అవుతుందో చెప్పే నాథుడు ఉండడు.

సర్కారు నౌకరీలో బదిలీ రావడం ఒక ఎత్తు, కదలడం ఇంకో ఎత్తు. లేబరేటరీ చూసే లెక్చరర్ ఊరు విడిచి పోవాలంటే, అందులోని సామానంతా కొత్తగా వచ్చిన లెక్చరర్‌కి అప్పగించాలి. దీన్ని చార్జి ఇవ్వడం అంటారు. పూర్వం ఇది అరగంట పని. ఇదిగో బీకర్లు, ఇదిగో దర్పణాలు, ఇదిగో విరిగిన స్టూలు అని చూపించి, టీ తాగి సంతకాలు పెట్టేసేవాళ్ళు. అయితే ఎక్కడో ఏ కాలేజీలోనో కటకాలు లేని మైక్రోస్కోపులు బయటపడ్డాయట. దాంతో పైవాళ్ళకి ఒళ్ళు మండి కొత్త నిబంధన తెచ్చారు. ఇకమీదట వస్తువుల సంఖ్య సరిపోతే చాలదు, ప్రతి వస్తువు సామర్థ్యం కూడా కొన్ననాడు ఎంతుందో అప్పగించేనాడూ అంతే ఉండాలి. అది తేల్చడానికి ప్రాంతీయ కార్యాలయం నుంచి ఓ అధికారి రావాలి.

వచ్చినాయన పేరు పట్టాభిరామయ్య, సూపరింటెండెంటు. మనిషి నిజాయితీపరుడు. అదే వచ్చిన చిక్కు. లంచం తీసుకోడు, టీ తాగడు, ఎదటివాడు చెప్పింది నమ్మడు. ఆయనతో పాటు హైమవతి స్థానంలోకి వచ్చిన మస్తాన్ వలీ కూడా సంచీ పట్టుకుని దిగాడు. ఆయనా ఫిజిక్సు మనిషే. పాత కాలేజీ వాళ్ళు పంపించేశారు, ఇక్కడ చార్జి తీసుకుంటే గానీ జీతం రాదు, అందాకా బస్టాండు పక్క లాడ్జిలో మకాం.

లేబరేటరీ వెనకున్న స్టోరు గదిలో బల్బు పోయి చాలాకాలమైంది. అందుకని అటెండరు కోటేశు సామానంతా వరండాలోకి మోశాడు. బయట పెళపెళలాడే ఎండ. బీకర్లు సరిపోయాయి. స్ప్రింగు త్రాసు ఐదు కిలోలు తూగింది. అయస్కాంతాలు మేకుల్ని పట్టుకున్నాయి. హైమవతి మనసులో అప్పుడే రేవుపాలెం బస్సెక్కి కిటికీ పక్కన కూచుంది.

అప్పుడు ఎల్డీఆర్‌ల డబ్బా వచ్చింది. ఎల్డీఆర్ అంటే చొక్కా గుండీ అంత బిళ్ళ, దాని ముఖం మీద మెలికలు తిరిగిన గీత, కింద రెండు తీగకాళ్ళు. చీకట్లో ఉంటే అది కరెంటును పోనివ్వదు, మొండికేస్తుంది. ఆ మొండితనాన్నే నిరోధం అంటారు, దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. వెలుతురు పడిందో, మెత్తబడి దారి ఇస్తుంది. వీధి దీపాలు పొద్దుగూకగానే ఎవరూ నొక్కకుండా వెలుగుతున్నాయంటే దీని చలవే. అవి మొత్తం పది. కొన్ననాడు ఎవరో మహానుభావుడు ఆ చీకటి స్టోరు గదిలోనే కూచుని కొలిచినట్టున్నాడు, ఒక్కొక్కటి పది లక్షల ఓమ్‌లని రాసిపెట్టాడు. హైమవతి తను చార్జి తీసుకున్ననాడు అది చూసి, సరే చీకట్లో అంతే ఉంటుంది అనుకుని సంతకం పెట్టింది.

పట్టాభిరామయ్య చెప్పినట్టే పదింటినీ ఒకదాని కాలికి ఇంకోదాని కాలు కలిపి వరసగా కట్టారు. అట్లా కడితే అన్నిటి ఓమ్‌లూ కలిసి ఒకేసారి తెలుస్తాయి. పది పది లక్షలంటే కోటి. ఎండలో బల్ల మీద పెట్టి మల్టీమీటర్ తగిలించారు. ఐదువేలు.

పట్టాభిరామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఐదువేలే. ఆయన కోటేశుని కుర్చీ తెమ్మని, కూచుని, చాలా శాంతంగా అడిగాడు.

“మిగతా తొంభై తొమ్మిది లక్షల తొంభై అయిదు వేల ఓమ్‌లు ఎక్కడమ్మా?”

హైమవతి మొదట ఆయన వేళాకోళమాడుతున్నాడనుకుంది. ఆయన మొహంలో అటువంటి ఛాయలేమీ లేకపోయేసరికి, ఓపిగ్గా చెప్పుకొచ్చింది. ఇవి ఎక్కడికీ పోలేదు, ఎండ వల్ల తగ్గాయి, నీడకు తెస్తే పెరుగుతాయి, అది వాటి స్వభావం, అందుకోసమే వాటిని కొనేది అని చెప్పింది. చెప్పడంతో ఆగక, పిల్లలకు చూపించే చిన్న వీధిదీపం తెచ్చింది. ఒక ఎల్డీఆర్, ఒక రియోస్టాట్, ఒక ట్రాన్సిస్టరు, ఒక టార్చి బల్బు. ఎల్డీఆర్ మీద చెయ్యి అడ్డం పెడితే బల్బు వెలిగింది. చెయ్యి తీస్తే ఆరింది. రియోస్టాట్ మీది జారుడు పిడిని అటూ ఇటూ జరిపి, ఎంత చీకటి పడితే దీపం వెలగాలో మనమే నిర్ణయించవచ్చునని కూడా చూపించింది. కోటేశు ముచ్చటపడి తనూ ఒకసారి చెయ్యి అడ్డం పెట్టి చూసుకున్నాడు.

పట్టాభిరామయ్య మాత్రం అంతా విని, “అంటే చీకట్లో భద్రంగా ఉన్న సర్కారీ ఆస్తి పట్టపగలు మాయమవుతోందని మీరే ఒప్పుకుంటున్నారు,” అన్నాడు. ఎండ తీసుకుందంటే ఎండకు ఇవ్వమని ఎవరు చెప్పారో తెలియాలన్నాడు. అసలు ఆ వస్తువుల మీదికి వెలుతురును అనుమతించిన అధికారి ఎవరని అడిగాడు. అందరూ కోటేశు వంక చూశారు. సామాను వరండాలోకి మోసింది వాడే మరి. కోటేశు బల్ల దగ్గర్నించి రెండడుగులు వెనక్కి వేశాడు.

అంతలో ఆయన చూపు రియోస్టాట్ మీద పడింది. అది పొడుగాటి గొట్టం, దానికి తీగ చుట్టలు, పైన జారుడు పిడి. పిడిని జరిపిన కొద్దీ కరెంటు పోయే తీగ పొడుగవుతుంది, నిరోధం పెరుగుతుంది. వెనక్కి లాగితే తగ్గుతుంది. వెయ్యి ఓమ్‌లని దాని మీదే చెక్కి ఉంది. పట్టాభిరామయ్య మీటరు తగిలించి పిడిని ఇవతలి చివరకి లాగాడు. సున్నా వచ్చింది. వెయ్యికి సున్నా. ఆయన మొహం కందగడ్డ అయింది.

“సార్, అవతలికి జరపండి, వెయ్యి వస్తుంది,” అంది హైమవతి.

“జరిపితే వచ్చేదీ, జరిపితే పోయేదీ ఆస్తి ఎట్టా అవుతుందమ్మా? రేపు ఎవడు పడితే వాడు జరుపుతాడు,” అని ఆయన పిడిని వెయ్యి దగ్గరికి జరిపించి, లక్క తెప్పించి కరిగించి, పిడి కదలకుండా సీలు వేశాడు. నిరోధాన్ని మార్చడానికే పుట్టిన ఆ పరికరం ఆ రోజు నుంచి మారడం మానేసింది.

ఇక మస్తాన్ వలీ ఏమంటాడా అని హైమవతి ఆశగా చూసింది. సాటి ఫిజిక్సు మనిషి కదా, ఒక్క మాట సాయం రాకపోతాడా అని. ఆయన సంచీ సర్దుకున్నాడు. తరవాత ఆమెను పక్కకి పిలిచి చెప్పాడు.

“మేడమ్, మీరు చెప్పింది అక్షరాలా నిజం. నేనూ ఇదే పాఠం చెప్పి బతుకుతున్నా. కానీ ఐదువేలకి సంతకం పెట్టి కోటికి జవాబు చెప్పమంటే నేనెక్కడ తెచ్చేది? నాకూ పిల్లలున్నారు.”

ఆమెకు ఆయన మీద కోపం రావాలి. రాలేదు. తను ఆయన స్థానంలో ఉన్నా అదే అనేదని ఆమెకు తెలుసు. కోపమంతా ఎండ మీదకి పోయింది.

ప్రిన్సిపాల్ త్రివిక్రమరావు చరిత్ర చెప్పే మనిషి. రాజ్యాలు పోయిన సంగతి ఆయనకు కొత్త కాదు గానీ ఓమ్‌లు పోవడం ఎప్పుడూ వినలేదు. ఆయన హైమవతి చెప్పింది విని, మీది నిజమే అయ్యుంటుందమ్మా, కాకపోతే ఆ నిజం పై నుంచి రావాలి అన్నాడు.

పై నుంచి వచ్చింది. నిజం కాదు, సర్క్యులరు. పట్టాభిరామయ్య నివేదిక చూసిన జాయింట్ డైరెక్టరుగారు, ఒక్క రేగుమానుపల్లెలోనే ఇంత లోటుంటే తక్కిన చోట్ల మాటేమిటని అన్ని కాలేజీల్లోనూ తనిఖీ చేయించారు. ప్రతి కాలేజీలోనూ లోటే. ఎండలు ఎక్కువున్న ఊళ్ళలో మరీ ఘోరం. లోటు లేని కాలేజీ మొత్తం ప్రాంతంలో ఒకే ఒక్కటి తేలింది. అక్కడ ఎల్డీఆర్‌ల పార్శిలు కొన్ననాటి నుంచి విప్పనే లేదట. ప్రిన్సిపాల్ పార్శిల్‌ని చేత్తో తడిమి అన్నీ ఉన్నాయని ధ్రువీకరించాడు. ఆయనకు ప్రశంసాపత్రం ఇచ్చారు.

సర్క్యులరులో ఇలా ఉంది. ‘కాంతి అనే బాహ్య కారకం వలన శాఖకు చెందిన నిరోధ సంపద నిరంతరాయముగా క్షీణించుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. కావున సదరు ప్రయోగమును ఇకపై కాంతిరహిత వాతావరణములో మాత్రమే నిర్వహించవలెను.’ అంటే కిటికీలకు నల్ల కాగితాలు అంటించి, తలుపులు మూసి, పిల్లల్ని చీకట్లో కూచోబెట్టి, వెలుతురు మారితే నిరోధం ఎట్లా మారుతుందో కనుక్కోమన్నారు. వెలుతురు లేదు గనక ఏదీ మారలేదు. మీటరు కనబడదు గనక మారినా తెలిసేది కాదు. నాగలక్ష్మి అనే సెకండియర్ అమ్మాయి మీటరు చూద్దామని సెల్‌ఫోన్ లైటు వేసింది. ఆ ఒక్క వేటుకి ఎనభై లక్షల ఓమ్‌లు నష్టమని అక్కడ కాపలాకు వేసిన ఇన్విజిలేటరు కేసు రాశాడు. మర్నాడు వాళ్ళమ్మ వచ్చి ప్రిన్సిపాల్ గదిలో, మా బిడ్డ అట్టాంటిది కాదయ్యా, ఇంట్లో ఓ చెంచా కూడా తియ్యదు అని ఏడ్చింది.

ఇదంతా జరుగుతూండగానే దసరా సెలవులు వచ్చాయి. హైమవతి ఇంటికి పోలేదు. చార్జి ఇవ్వనిదే ఊరు దాటకూడదన్నారు. లాస్య రోజూ ఫోన్ చేసి, బయల్దేరావా అని అడిగేది. బయల్దేరుతున్నా బంగారం అని హైమవతి రోజూ చెప్పేది. చివరికి ఆ పిల్ల అడగడం మానేసి ఫోన్ నానమ్మకు ఇచ్చేయడం మొదలుపెట్టింది.  హైమవతి ఫోన్ పెట్టేసి స్టోరు గదిలో స్టూలు మీద కూచుని, ఈ దిక్కుమాలిన బిళ్ళల కోసం నా బిడ్డ నాకు కాకుండా పోతోందని వెక్కివెక్కి ఏడ్చింది.

సెలవులు ముగింపుకొస్తున్నాయనగా జాయింట్ డైరెక్టరుగారే స్వయంగా దయచేశారు. భారీ మనిషి. ఆయన కారు దిగుతుంటే కారు ఒక పక్క పైకి లేచింది. వెనక పట్టాభిరామయ్య, పక్కన ప్రిన్సిపాల్, ఓ మూల మస్తాన్ వలీ. వరండాలో బల్ల మీద ఎల్డీఆర్‌లు వరసగా కట్టి పెట్టారు. మీటరు ఐదువేలు చూపిస్తోంది.

జాయింట్ డైరెక్టరుగారు బల్ల దగ్గరికొచ్చి, ఏవీ ఆ వస్తువులు అని వంగారు. ఆయన నీడ బల్లంతా కప్పేసింది. మీటరు ముప్పైవేలకు పోయింది. పట్టాభిరామయ్య గబగబా ఆ అంకె రాసుకున్నాడు. ఆయన ఇంకా వంగి, ఒక బిళ్ళను వేలితో తాకబోయారు. అరచెయ్యి అడ్డం పడేసరికి లక్ష దాటింది. ఆయన నడుం పట్టేసి నిటారుగా నిలబడ్డారు. మళ్ళీ ఐదువేలు.

“చూశారా సార్,” అన్నాడు పట్టాభిరామయ్య. “తమరు సమీపించేసరికి ఆస్తి పెరిగింది. తమరు దూరం కాగానే తరిగిపోయింది. అంటే ఇన్నాళ్ళూ ఉన్నత స్థాయి పర్యవేక్షణ కొరవడింది.”

“అది నీడ సార్,” అంది హైమవతి. “ఎవరి నీడ పడినా పెరుగుతాయి.”

రూఢి చేసుకుందామని ప్రిన్సిపాల్ని వంగమన్నారు. ఆయన బక్కపలచని మనిషి, ఆయన వంగితే పదివేలు దాటలేదు. పట్టాభిరామయ్య వంగితే పద్దెనిమిది వేలు. కోటేశు చీపురు పుల్ల, వాడు వంగితే ఏమీ పెరగలేదు. హోదాను బట్టి ఓమ్‌లు పెరుగుతున్నాయని ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు. ఒక్క హైమవతి మాత్రం నుదురు కొట్టుకుంది.

జాయింట్ డైరెక్టరుగారికి ఇది బాగానే నచ్చింది గానీ, ఎల్లకాలమూ ఎండలో వంగి నిలబడడం తన విధుల్లో లేదు కదా. ఆస్తిని తక్షణం రక్షణలో పెట్టమన్నారు. పదింటినీ స్టోరు గదిలో పాత ఇనప ట్రంకు పెట్టెలో పెట్టి మూత వేసి, తీగలు మాత్రం తలుపు సందులోంచి వరండాలోకి లాగి మీటరుకు తగిలించారు. మీటరు మీద అంకెలన్నీ మాయమై, ఎడమ పక్కన ఒకే ఒక్క ఒకటి మిగిలింది.

“ఒకటా!” అని పట్టాభిరామయ్య గోడకు ఆనుకున్నాడు. కోటిలో చివరికి ఒక్క ఓమ్ మిగిలిందనుకున్నాడు పాపం.

ఆ మీటరు కొలవగలిగిన దానికన్నా ఎక్కువైతే అట్లా ఒకటి చూపిస్తుందని, అసలు చీకట్లో ఇవి కోటి ఏం ఖర్మ, ఎన్ని కోట్లున్నాయో ఈ మీటరు చెప్పలేదని హైమవతి వివరించింది. మస్తాన్ వలీ మొదటిసారి నోరు విప్పి, అవును సార్, అంతులేదు అన్నాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. లోటు పోయింది. కావలసినదానికన్నా ఎక్కువే ఉంది. ఇక సంతకాలే తరువాయి. సాయంత్రం బస్సుకి టికెట్టు దొరుకుతుందా అని కూడా ఆలోచించింది.

జాయింట్ డైరెక్టరుగారు మీటరు వంక చూసి, చేతులు వెనక్కి కట్టుకుని, మీటింగుల్లో మాట్లాడే గొంతుతో చెప్పారు.

“పరిమితమైన ఆస్తిని అప్పగించవచ్చును. అపరిమితమైన ఆస్తిని అప్పగించడానికి నిబంధనలలో అవకాశం లేదు. ఎంత ఇచ్చారో చెప్పలేనప్పుడు ఎంత పుచ్చుకున్నారో వారెలా చెబుతారు? పైగా తమ హయాంలో నిరోధ సంపద అపరిమితంగా వృద్ధి చెందింది. ఇంతటి సమర్థురాలిని వదులుకోవడం శాఖాప్రయోజనాలకు భంగకరం. ప్రజాప్రయోజనాల దృష్ట్యా తమ బదిలీ నిలిపివేస్తున్నాము. అభినందనలు.”

ప్రిన్సిపాల్ అలవాటుగా చప్పట్లు కొట్టాడు.

 తక్కువైతే దొంగ, ఎక్కువైతే కదలకూడని నిధి. హైమవతి ముందుకొచ్చి, సార్, నాకు ఐదేళ్ళ పాప ఉంది, అది నన్ను అమ్మా అని పిలవడం కూడా మానేస్తోంది, దయచేసి నన్ను పోనివ్వండి అని చేతులు జోడించింది. తమ మనోభావాలను ఈ కార్యాలయం సానుభూతితో గమనించిందని జాయింట్ డైరెక్టరుగారు చెప్పి, భోజనానికి కదిలారు.

అందరూ ప్రిన్సిపాల్ గదిలో పులిహోర తింటున్నారు. హైమవతి స్టోరు గదిలో ట్రంకు పెట్టె ముందు నిలబడింది. ఒళ్ళంతా మండిపోతోంది. నెల్లాళ్ళుగా వీళ్ళకి కాంతి గురించి, నిరోధం గురించి, నీడ గురించి చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకుంది. ఒక్కడి చెవికెక్కలేదు. ఒక్కసారి ఆ మూత ఎత్తి పెట్టెను కాలితో తన్నాలనిపించింది. మూత కొంచెం ఎత్తింది కూడా. గది వెంటిలేటర్‌కి అంటించిన నల్ల కాగితం చిరిగిన చోట నుంచి వెలుతురు సన్నగా పడుతోంది. వరండాలో మీటరు దగ్గర కాపలా ఉన్న కోటేశు, “అమ్మా, అంకెలు మల్లీ వచ్చినయ్యే,” అని కేకేశాడు.

ఎంత అని అడిగింది. పంతొమ్మిది లక్షలన్నాడు. మూత కొద్దిగా దించింది. అరవై లక్షలన్నాడు. ఆమె మూత పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. రియోస్టాట్‌కి జారుడు పిడి ఎట్లాగో, ఈ పెట్టెకి మూత అట్లాగ. ఎంత కావాలంటే అంత. వాళ్ళకి కావలసింది నిజం కాదు, కోటి. కోటి ఇస్తే సరి.

భోజనాలయ్యాక జాయింట్ డైరెక్టరుగారు కారెక్కబోతుంటే ఆమె ఎదురెళ్ళి నమస్కారం చేసింది. ఈసారి కాంతి ఊసెత్తలేదు.

“సార్, అపరిమితం అని నమోదు చేసేముందు ఒక విధానపరమైన సందేహం. ట్రంకు పెట్టె మూత ఏ స్థానంలో ఉండగా కొలవాలో ఉత్తర్వుల్లో ఎక్కడా నిర్దేశించలేదు. స్థానం నిర్ధారణ కాకుండా కొలిచిన కొలత చెల్లదని నా వినతి.”

జాయింట్ డైరెక్టరుగారు ఆగిపోయారు. నెల్లాళ్ళలో ఆమె మాట్లాడిన మొదటి అర్థవంతమైన మాట అదేనన్నట్టు తల పంకించారు. పట్టాభిరామయ్యను అడిగితే, అవును సార్, మూత విషయం స్పష్టత లేదు అన్నాడు. అయితే సక్రమ స్థానాన్ని నిర్ధారించండి అని ఆజ్ఞ అయింది.

హైమవతి స్టోరులోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బయట పట్టాభిరామయ్య మీటరు చదవసాగాడు. నలభై లక్షలు. లోపల మూత ఒక పిసరు దిగింది. డెబ్భై. ఇంకొంచెం. తొంభై ఆరు.  మూతకీ పెట్టెకీ మధ్య సుద్దముక్క ఇరికించి, దాన్ని వేలితో మెల్లగా లోపలికి నెట్టింది. బయటనుంచి పట్టాభిరామయ్య గొంతు వినిపించింది. దొరికిపోయిన దొంగను చూసినట్టు కాదు, తప్పిపోయిన తమ్ముణ్ణి చూసినట్టుంది ఆ గొంతు.

“కోటి! సరిగ్గా కోటి!”

లక్క తెప్పించి, సుద్దముక్కతో సహా మూతకు సీలు వేశారు. ఆస్తి మళ్ళీ పరిమితమైంది గనక బదిలీ మీది నిలిపివేత ఎత్తేసి, కాయితాలు పరిచారు. పట్టాభిరామయ్య తన ఇంటిపేరూ పొడి అక్షరాలూ అన్నీ విడివిడిగా రాస్తుండగా పైన మబ్బు కమ్మింది. మీటరు కోటీ పదివేలకు చేరింది. ఆయన కలం ఆగింది. హైమవతి గుండె కూడా ఆగినంత పనైంది.

“పదివేలు ఎక్కువుంది సార్.”

“అది కొసరు కింద రాసుకోవయ్యా,” అన్నారు జాయింట్ డైరెక్టరుగారు వాచీ చూసుకుంటూ. పులిహోర ఆయన్ని కొంచెం మెత్తబరిచింది.

మస్తాన్ వలీ వంతు వచ్చింది. హైమవతి ఉండబట్టలేక ఆయన చెవిలో చెప్పింది. రేపు ఎవరైనా ఆ సీలు తీసినా, వెంటిలేటర్ కాగితం ఊడినా మీ గతీ నా గతే, ఆలోచించుకోండి అని.

“తెలుసు మేడమ్. తియ్యకుండా ఉంటే సరిపోద్ది,” అన్నాడాయన. “మీరు పొండి. మా పిల్లలకి స్కూలు ఫీజు కట్టాల.” సంతకం పెట్టేశాడు. ఆ మాట విన్నాక ఆమెకు సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. రెండూ కలిగాయి. బస్సు ఎక్కేదాకా సిగ్గు ఎక్కువగా ఉంది. బస్సు కదిలాక సంతోషం ఎక్కువైంది.

రేవుపాలెం చేరిన రోజు లాస్య తలుపు చాటు నుంచి చూసి, దగ్గరికి రాలేదు. మర్నాడు పొద్దున జడ వేయించుకోవడానికి మాత్రం వచ్చి ముందర కూచుంది. జడ వేస్తుంటే, సాయంత్రం బడికి నువ్వే వస్తావా అని అడిగింది. నేనే వస్తానంది హైమవతి. ఒట్టు వేయమంటే ఒట్టు వేసింది.

ఆ పూటే కొత్త కాలేజీలో చార్జి తీసుకోవాలి. ఇచ్చేది సోమనాథశాస్త్రిగారని రిటైరవుతున్న పెద్దాయన. తనిఖీకి ఇంకో సూపరింటెండెంటు సిద్ధంగా ఉన్నాడు. ఈసారి పని చాలా సులువైపోయిందని, శాఖ వారు ఫోన్ల మీదే ఉత్తర్వులిచ్చి రేగుమానుపల్లె పద్ధతి అని కొత్తగా ప్రవేశపెట్టారని ఆయన ఉత్సాహంగా చెప్పాడు. స్టోరు గదికి తీసుకెళ్ళారు. మూలన ఇనప పెట్టె, మూత దగ్గర సుద్దముక్క, మీద ఎర్రగా లక్క సీలు. రెండు తీగలు బయటకు వచ్చి మీటరుకు తగిలి ఉన్నాయి. మీటరు మీద కోటి.

హైమవతి ఆ సుద్దముక్క వంక చాలాసేపు చూసింది. సూపరింటెండెంటు ఫోనొచ్చి పక్కకి వెళ్ళగానే పెద్దాయన దగ్గరికొచ్చాడు. ఆయన నుదుట చెమటలు పట్టి ఉన్నాయి.

“అమ్మా, మీరు ఫిజిక్సు చదువుకున్న మనిషి. మూత తీసి చూడాలంటే మీకు హక్కుంది. నేను వద్దనను,” అన్నాడు, వద్దనే కళ్ళతో.

“చూస్తే మీ పెన్షన్ ఆగిపోతుంది, నేను సాయంత్రం మా పాపను తెచ్చుకోలేను,” అంది హైమవతి. “ఆ పద్ధతి కనిపెట్టిందాన్ని నేనే మాస్టారూ. కలం ఇలా ఇవ్వండి.”

ఆయన కలం ఇచ్చాడు. ఆమె సంతకం పెట్టి, బడి వదిలేది ఎన్నింటికో కనుక్కోవడానికి ఇంటికి ఫోన్ చేసింది.